తెల్లదొర నడక: ఆఫ్రికా మాస్కుల్లో వలస పాలకుడు

1826 తొలి నెలల్లో హ్యూ క్లాపర్టన్ అనే స్కాట్లండు నౌకాధికారి ఓయో రాజధానిలో ఉన్నాడు. ఇప్పటి నైజీరియాలో యోరుబా ప్రజలు ఏలిన పెద్ద రాజ్యం అది. అక్కడి రాజును అలాఫిన్ అంటారు. ఆయన కొలువు ఎదుట ఆ రోజుల్లో వేషగాళ్ళ ఆట జరిగింది. ముందు సంచుల్లాంటి తొడుగుల్లో దూరిన మనుషులు గెంతారు, పల్టీలు కొట్టారు. తర్వాత ఒక సంచిలోంచి పెద్ద కొండచిలువ బయటికొస్తే, కత్తి పట్టిన వేటగాడు దాన్ని లొంగదీశాడు. మూడో అంకంలో మైదానం నడుమ ఒక్కడే మిగిలాడు. ఒంటిమీది సంచి మెల్లమెల్లగా కిందికి జారింది. మొదట తెల్లటి తల కనబడగానే జనం ఒక్కపెట్టున కేకలు వేశారు. సంచి పూర్తిగా జారేసరికి తెల్లమైనంతో పోతపోసినట్టున్న మనిషి నిలబడి ఉన్నాడు. బక్కచిక్కి, చలికి ముడుచుకుపోయి ఉన్నాడు. మాటిమాటికీ నస్యం పీల్చినట్టు, చేతులు రుద్దుకున్నట్టు నటించాడు. ఇక నడక మొదలుపెట్టాడు. సుకుమారమైన పాదాలున్న తెల్లవాడు గడ్డకట్టిన నేలమీద మొదటిసారి ఉత్తకాళ్ళతో అడుగేస్తే ఎలా ఉంటుందో, అచ్చం అలా నడిచాడు.

చూస్తున్నవాళ్ళు ఊరుకోలేదు. క్లాపర్టన్ వైపు తిరిగి ఎలా ఉందని అడిగారు, కళ్ళు తిప్పకుండా చూడమని బతిమాలారు. వాళ్ళతో సమానంగా తానూ సంతోషించినట్టు కనబడ్డానని, ఆ నటుడు మాత్రం పాత్రను అద్భుతంగా పండించాడని అతను దినచర్యలో రాసుకున్నాడు. మరుసటి ఏడు సొకొటోలో అతను చనిపోయాడు. ఆ రాతలు 1829లో అచ్చయ్యాయి.

ఆఫ్రికా మాస్కుల్లో యూరోపియన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేదీని గట్టిగా పట్టుకోవాలి. 1826 నాటికి యోరుబా నేలమీద బ్రిటిష్ అధికారం లేదు. వాళ్ళు లాగోస్‌ను కలుపుకున్నది 1861లో. సముద్రతీరంలో బానిస వ్యాపారం వల్ల, ఇతర సరుకుల వల్ల తెల్లవాళ్ళ సంగతి లోపలి రాజ్యాలకు తెలుసు గాని, వాళ్ళకు లోబడి బతకాల్సిన గతి అప్పటికి పట్టలేదు. అయినా తెల్లవాడి వేషం తయారుగా ఉంది, నడకతో సహా. కాబట్టి ఈ వెక్కిరింతంతా వలస పాలనకు జవాబుగానే పుట్టిందనే సాధారణ వివరణ మొదటి అడుగులోనే తడబడుతుంది. వేషం కట్టే కళ అంతకు ముందునుంచీ ఉంది. కొత్తగా వచ్చిన మనిషిని అది తన పాత వరసలోకి చేర్చుకుంది.

ఆ వరస ఏమిటో ఓయో ఆటలోనే కనబడుతుంది. ఆ సంచి వేషాలు ఎగుంగున్ సంప్రదాయానివి. చనిపోయిన పెద్దలు గుడ్డల ముసుగులో తిరిగివచ్చి ఊరిని దీవించే పండుగ ఎగుంగున్. అందులోనే వినోదం కోసం రూపాలు మార్చే అద్భుతాలుంటాయి. వేషగాడు చూస్తుండగానే పాముగా, మొసలిగా, చిరుతగా మారతాడు. వేశ్య, తాగుబోతు, పొరుగు రాజ్యపు యోధుడు, పరాయి జాతి మనిషి అందరూ వస్తారు. తెల్లవాడు ఈ గుంపులో ఒకడు. ఓయోలో అతను కొండచిలువ తర్వాత వచ్చాడు. రెండూ ఊరి హద్దు బయటినుంచి వచ్చినవే. రెండూ ఆశ్చర్యపరిచేవే. రెంటినీ వేషగాడు తన ఒంట్లోకి తెచ్చుకుని, జనం మధ్య ఆడించి, మళ్ళీ సంచిలో పెట్టేయగలడు.

క్లాపర్టన్ రాతల్లో ముక్కు గురించి, ముఖం చెక్కుడు గురించి పెద్దగా ఏమీ లేదు. అతను గుర్తుపెట్టుకున్నది నస్యం, చేతులు రుద్దుకోవడం, నడక. ఎగతాళి ఉన్నది అక్కడే. మన పగటి వేషగాళ్ళు సోమయాజి వేషం కట్టినప్పుడు జందెం, విభూతి రేఖలు ఎవరైనా పెట్టుకోగలరు. మడి కట్టుకున్న మనిషి వీధిలో తప్పుకు తప్పుకు నడిచే తీరు పట్టుకున్నవాడికే జనం పగలబడి నవ్వుతారు. ఆఫ్రికా మాస్కుల విషయంలో ఈ చిన్న నిజాన్ని మ్యూజియం అద్దాలు చాలాకాలంగా మరుగుపరచాయి. గోడకు తగిలించిన కొయ్యముఖం చూసి ఇది వ్యంగ్యమా కాదా అని తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు. దాన్ని వేసుకున్నవాడు ఎలా కూర్చున్నాడు, ఎవరి దగ్గరికి వెళ్ళాడు, చేతిలో ఏం పట్టుకున్నాడు అన్నది తెలిస్తేనే అర్థం తెలుస్తుంది.

యోరుబా వేషాల్లో తెల్లవాడి పాత్ర తర్వాతి కాలంలో దంపతులుగా విస్తరించింది. దొర, దొరసాని కలిసి వస్తారు. పొడుగాటి సూది ముక్కు, నున్నగా కిందికి వేలాడే జుట్టు, కోటు, గౌను. వాళ్ళిద్దరూ అందరిముందూ చేతులు కలుపుకుంటారు, కౌగిలించుకుని గుండ్రంగా తిరుగుతూ బాల్ డాన్సు ఆడతారు. యోరుబా ఊళ్ళో భార్యాభర్తలు నలుగురిలో అలా ఒకరినొకరు పట్టుకోవడం మర్యాద కాదు. డాన్సు అంటే నేలను తొక్కుతూ, ఒళ్ళు వంచి, డప్పు చెప్పే మాటకు కాలితో జవాబివ్వడం అనుకునే సమాజానికి, నిలువుగా బిగుసుకుపోయి ఒకరినొకరు పట్టుకుని తిరిగే ఆ పద్ధతి డాన్సు లాగే కనబడదు. అక్కడి నవ్వుకు కారణం రంగు కాదు, మర్యాద తెలియకపోవడం. సొంత ఊరివాళ్ళ తాగుబోతుతనాన్ని, తిండిపోతుతనాన్ని ఏ కొలబద్దతో కొలుస్తారో దొరను కూడా దానితోనే కొలిచారు.

వేషం వెనక ఒక రక్షణ కూడా ఉంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని చాలా మాస్కు సంఘాల్లో, ముసుగు వేసుకున్నవాడు ఆ కాసేపు ఫలానా కొడుకు ఫలానావాడు కాడు. పూర్వీకుడో, అడవి నుంచి వచ్చిన ఆత్మో, జంతువో అవుతాడు. లోపల ఎవరున్నారో తెలిసినా పేరు పెట్టి పిలవకూడదు. అందువల్ల వేషం అన్న మాటకు మనిషి బాధ్యుడు కాడు. ఊరి పెద్దను విమర్శించడానికి ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. తర్వాత వచ్చిన కలెక్టరుకూ, ఫాదిరీకీ అదే వర్తించింది. వలస చట్టానికి మనిషి పేరు, ఊరు, నేరం కావాలి. తిరిగివచ్చిన పూర్వీకుడి మీద కేసు పెట్టడం దానికి చేతకాదు.

ఈ వ్యవహారం ఎంత లోతుగా సాగిందో చూడాలంటే మాలిలోని డోగోన్ల దగ్గరికి వెళ్ళాలి. బాండియాగరా కొండచరియల అంచున, కింద, పైన ఉండే ఊళ్ళు వాళ్ళవి. ఊళ్ళో పెద్దవాళ్ళు చనిపోయాక కొన్నేళ్ళకొకసారి దామా అనే పెద్దకర్మ చేస్తారు. చనిపోయినవాళ్ళ ఆత్మలను ఊరి నుంచి పంపించి పూర్వీకుల్లో కలిపే తంతు అది. మాస్కులన్నీ బయటికి వచ్చేది అప్పుడే. రెండడ్డ కర్రల కనగ, అంతస్తుల మేడలా పైకి లేచే సిరిగె, కుందేలు, జింక, కోతి, వైద్యుడు, పొరుగున ఉండే ఫులాని స్త్రీ. వాటి మధ్యలోకి వలస పాలన వచ్చాక తెల్లవాడు చేరాడు.

డోగోన్ తెల్లవాడి మాస్కుకు చిందరవందర జుట్టు, వంకర ముక్కు, గడ్డం ఉంటాయి. ఒంటిమీద చొక్కా, ప్యాంటు. ఫ్రెంచి పాలన రోజుల్లో అతను అధికారి. కాగితం, కలం తీసి ఏదో రాసేవాడు, ఆ చీటీ జనం చేతిలో పెట్టి డబ్బు అడిగేవాడు. ఆ చీటీ ఎంత భయంకరమైనదో చూస్తున్నవాళ్ళకు తెలుసు. అప్పుడు ఫ్రెంచి సూడాన్ అని పిలిచిన ఈ మాలిలో తలపన్ను కట్టాలి, రోడ్లకూ తోటలకూ వెట్టికి వెళ్ళాలి. స్థానికుల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఇందిజెనా నిబంధనల కింద, విచారణ లేకుండానే జైల్లో పెట్టే అధికారం జిల్లా కమాండెంటుకు ఉండేది. వెట్టి, ఆ నిబంధనలు రెండూ 1946లో గాని రద్దు కాలేదు. అంతవరకూ రాయడం అంటే డోగోన్ రైతుకు తన గింజలు పోవడం, తన కొడుకు కూలికి పోవడం. వేషగాడు ఆ రాతను పిచ్చి గీతలుగా మార్చి చూపించాడు.

పర్యాటకులు రావడం మొదలయ్యాక ఈ వేషం చేతిలోకి కెమెరా వచ్చింది. కొయ్య డబ్బా కంటికి ఆనించుకుని, మంచి ఫోటో కోసం అడ్డం ఉన్నవాళ్ళను నెట్టుకుంటూ అతను గుంపులో దూరిపోతాడు. మరో రూపంలో కుర్చీ వేయించుకుని, పుస్తకం తెరిచి, ఇటూ అటూ డోగోన్లను కూర్చోబెట్టుకుని బుద్ధిలేని ప్రశ్నలు వేస్తాడు. ఈ చివరి వేషంలో ఉన్నది మానవశాస్త్రవేత్త. ఇది గాలిలోంచి పుట్టలేదు. మార్సెల్ గ్రియోల్ నాయకత్వంలో డకార్ నుంచి జిబూతీ దాకా 1931లో బయలుదేరిన ఫ్రెంచి బృందం డోగోన్ ఊరైన సంగాలో మకాం వేసింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి గ్రియోల్, అతని శిష్యులు అక్కడికి వస్తూ పోతూ ఉన్నారు. మాస్కుల మీద అతను 1938లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. మాస్కులను పరిశీలించడానికి వచ్చినవాణ్ణి మాస్కులు కూడా పరిశీలించాయి. పరిశోధన ఒకవైపునుంచే జరుగుతుందన్న ఊహ అక్కడ చెల్లలేదు.

ఇక్కడ తొందరపడి ద్వేషం అని తీర్పు చెప్పకూడదు. 1956లో గ్రియోల్ పారిస్‌లో చనిపోతే సంగాలో డోగోన్లు అతనికి తమ పద్ధతిలో కర్మకాండ జరిపారు. ఆ తంతులో పోయిన రైతు బతుకంతా పట్టుకున్న పనిముట్టును, అంటే పారను, విరగ్గొట్టడం ఆచారం. వాళ్ళు గ్రియోల్ కోసం ఒక పెన్సిలు విరిచారు. వేషంలో నవ్వు తెప్పించిన వస్తువే చావు తంతులో గౌరవానికి గుర్తయింది. వాళ్ళు అతని చేతినీ, ఆ చేతిలో ఉన్నదాన్నీ ఎంత నిశితంగా చూశారో ఈ రెండూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. ఎగతాళి చేయడానికీ గౌరవించడానికీ కూడా ముందు మనిషిని సరిగ్గా చూడాలి. వలస పాలకులు తాము ఏలిన జనాన్ని ఇంత శ్రద్ధగా చూసిన సందర్భాలు చాలా తక్కువ.

మలావి, జాంబియా, మొజాంబిక్‌ల సరిహద్దుల్లో ఉండే చేవా ప్రజల దగ్గర పోరు మరింత ముఖాముఖిగా సాగింది. అక్కడ న్యావు అనే మగవాళ్ళ రహస్య సంఘం గూలే వాంకులు అనే మహానృత్యం ఆడుతుంది. చావులకు, వర్ధంతులకు, ఆడపిల్లలు యుక్తవయసుకు వచ్చినప్పుడు జరిగే వేడుకలకు ఆ ఆట ఉండాల్సిందే. ఊరి బయట శ్మశానం చెంత చెట్ల గుబురులో వేషాలు తయారవుతాయి. గడ్డి, వెదురు బద్దలతో అల్లిన భారీ జంతువులు, ఈకల తలపాగాలు, రంగులు పూసిన కొయ్యముఖాలు అక్కడినుంచి దుమ్ము రేపుకుంటూ ఊళ్ళోకి వస్తాయి. చేవా నమ్మకం ప్రకారం అవి మనుషులు కావు, ఆత్మలు.

1891లో ఇప్పటి మలావి బ్రిటిష్ రక్షిత ప్రాంతమైంది. గుడిసెకింత అని పన్ను వచ్చింది. 1901, 1902లలో కాథలిక్ మిషనరీలు వచ్చి దిగారు, డచ్ రిఫార్మ్‌డ్ చర్చి అప్పటికే ఉంది. మిషన్‌లకూ న్యావుకూ మధ్య గొడవ వట్టి నమ్మకాల గొడవగా మిగల్లేదు. చచ్చినవాళ్ళను ఎవరు సాగనంపాలి, పిల్లలను ఎవరు పెద్దవాళ్ళను చేయాలి అన్నవి అసలు ప్రశ్నలు. మిషన్ బడులు పిల్లలను పగలు తమ దగ్గర కూర్చోబెట్టుకున్నాయి. న్యావు తనలో చేర్చుకున్న పిల్లలను బడికి పోనివ్వలేదు. ఫాదిరీలు నృత్యాన్ని సైతాను పని అన్నారు, నిషేధించమని ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు, ఆడినవాళ్ళను సంఘం నుంచి వెలివేశారు.

న్యావు ఇచ్చిన జవాబు మాస్కుల్లోనే ఉంది. సిమోని అనే కొత్త పాత్ర వచ్చింది. ఎండకు కందిపోయిన తెల్లతోలు లాగా ఎర్రటి ముఖం, చింకి సూటు. పేరు సైమన్ పీటరుది. కాథలిక్ చర్చి తన పునాదిరాయిగా చెప్పుకునే అపొస్తలుడే దుమ్ములో ఎగిరే ఎర్రమొహం దొర అయ్యాడు. వెంట జోసెఫె, మరియా వచ్చారు. మరియ వేషం వేసేది మగవాడే. ఫాదిరీలు కన్యగా, పవిత్రతకు ప్రతిరూపంగా చూపే తల్లిని అతను నడుము తిప్పుతూ, శృంగార చేష్టలతో ఆడతాడు. దైవభక్తులైన క్రైస్తవులకు ఇది గుండెల్లో గుచ్చుకునే దృశ్యం, ఆ బాధను తక్కువ చేసి చూడకూడదు. అయితే ఆ వేషాన్ని ఏ స్థలంలో ఆడారో కూడా చూడాలి. వాళ్ళు చర్చి గుమ్మం ముందుకు పోయి ఆడలేదు. తమ చావు ఇంటి ముంగిట, తమ ఆడపిల్లల వేడుకలో ఆడారు. పిల్లలు పుట్టడం, కనడం అనేవాటి చుట్టూ తిరిగే ఆడపిల్లల వేడుకకు, కన్యగానే తల్లి అయిన స్త్రీని ఆదర్శంగా చెప్పే బోధ పూర్తిగా విరుద్ధం. మరియ నడుము తిప్పడంలో ఆ వాదన ఉంది. గూలే వాంకులులో పాత్రలు పాటలతో పాటు పాఠాలు చెబుతాయి. ఇలా బతకకూడదు అని చూపడానికి చెడ్డ పాత్రలు కావాలి. అత్యాశ, దొంగతనం, పెళ్ళాన్ని కొట్టడం లాంటి వాటికి వేషాలున్నట్టే పెత్తనానికి సిమోని ఉన్నాడు. 1964లో మలావికి స్వతంత్రం వచ్చాక మొదటి నాయకుడు హేస్టింగ్స్ బండా, తాను చేవా కావడంతో, ఈ నృత్యాన్ని ప్రభుత్వ వేడుకల్లోకి తెచ్చాడు. యునెస్కో 2005లో దీన్ని మానవాళి వారసత్వ కళగా ప్రకటించింది. ఆ ప్రకటనలో బానిస వ్యాపారుల వేషం, హోండా మోటారు సైకిలు వేషం, హెలికాప్టరు వేషం పక్కపక్కనే ఉన్నాయి.

మిగతా చోట్ల కథ ఇంతకు దగ్గరగానే నడిచింది. మొజాంబిక్ ఉత్తరాన మకొండేల మపికో నృత్యంలో తలమీద శిరస్త్రాణంలా పెట్టుకునే కొయ్యముఖాలకు పోర్చుగీసు దొర పోలికలు, గడ్డాలు వచ్చాయి. నైజీరియా ఇగ్బో ఊళ్ళలో టోపీ పెట్టుకుని నోట్సు రాసుకునే తెల్లవాడి వేషం 1980ల్లోనూ ఆడింది. దేశం స్వతంత్రమై ఇరవై ఏళ్ళు దాటినా ఆ నోట్సు పుస్తకం మీద నవ్వు తగ్గలేదంటే, అధికారి కుర్చీలో మనిషి మారినా కుర్చీ తీరు మారలేదని అర్థం చేసుకోవచ్చు. ఘానాలో విన్నెబా పట్టణం ప్రతి జనవరి 1న రంగురంగుల దుస్తులు, మాస్కులతో పోటీలు పెట్టుకుంటుంది. అందులో యూరోపియన్ ముఖాలు పండుగ సంబరంగా మారిపోయాయి, ఎగతాళి పదును తగ్గింది. ఆఫ్రికా తూర్పు తీరాన, ఇప్పటి కెన్యాలోని మొంబాసా, లాము ప్రాంతాల్లో 1890ల్లో మొదలైన బేని ఆటకు మాస్కులే లేవు. సైనిక బ్యాండు, కవాతు, రాజు గవర్నరు అనే పదవులతో ఊరేగింపు నడిచేది.

మాస్కు లేకుండా ఇదే పని చేసిన మరో బృందం ఈ విషయం మొత్తానికి కష్టమైన ప్రశ్న వేస్తుంది. నైజర్‌లో 1925 ప్రాంతంలో సొంగాయ్, జర్మ జనంలో హౌకా అనే పూనకం మొదలైంది. కొందరు పూనకంలో గవర్నరు, జనరలు, రైలింజను డ్రైవరు, డాక్టరుగారి భార్య లాంటి ఆత్మలుగా మారేవాళ్ళు. నురగలు కక్కుతూ, కవాతు చేస్తూ, మండే దివిటీలను ఒంటికి తగిలించుకునేవాళ్ళు. ఫ్రెంచి కమాండెంటు క్రొచిక్యా వాళ్ళను పట్టి జైల్లో వేసి కొట్టించాడు. కొంతకాలానికి ఆ కమాండెంటే ఒక హౌకా ఆత్మగా, దుష్టుడైన మేజరుగా, వాళ్ళ దేవతల్లో చేరిపోయాడు. పనికోసం గోల్డ్ కోస్టుకు, అంటే ఇప్పటి ఘానాకు, వలసపోయిన హౌకాలను ఫ్రెంచి సినిమా దర్శకుడు జాన్ రూష్ 1954లో అక్రా దగ్గర చిత్రీకరించాడు. గవర్నరు బొమ్మ తలమీద ఒక కోడిగుడ్డు పగలగొడతారు. తెల్లసొన, పచ్చసొన కారుతూ ఉంటే, నిజమైన బ్రిటిష్ గవర్నరు టోపీమీది ఈకల కుచ్చు పక్కనే తెరమీద కనబడుతుంది. గోల్డ్ కోస్టులో ఆ చిత్రాన్ని నిషేధించారు. పారిస్‌లో చూసిన ఆఫ్రికా విద్యార్థులకూ అది మింగుడుపడలేదు, తమవాళ్ళను అనాగరికులుగా చూపిందన్నారు. గ్రియోల్ అయితే దాన్ని నాశనం చేయమన్నాడు.

హౌకా వెక్కిరింతేనా? ఆడేవాళ్ళు నవ్వలేదు. తామే గవర్నరు అయ్యారు. గవర్నరు బలం తమలోకి రావాలని కోరుకున్నారు. పండితులు దీనిమీద రెండుగా చీలారు. ఇది పాలకుణ్ణి దించే నటన అని ఒక వర్గం అంటే, పాలకుల లోకంలో తమకూ సమాన స్థానం కావాలని అడగడమేనని మరో వర్గం వాదించింది. ఓయో, డోగోన్ ఉదాహరణలతో పోల్చి చూస్తే రెండో మాటలో బలం ఉంది గాని మొదటిదాన్ని అది కొట్టిపారేయదు. కవాతు అనేది బలానికి గుర్తు అని తెలిసినవాళ్ళే దాన్ని అంత కచ్చితంగా అనుకరించగలరు. మరీ కచ్చితంగా చేసినప్పుడు ఆ బలం ఎంత పనికిమాలిన చేష్టలమీద నిలబడిందో కూడా బయటపడుతుంది.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. యూరోపియన్ టోపీ కనబడ్డ ప్రతిచోటా వ్యంగ్యం ఉందనుకోవడం పెద్ద పొరపాటు. కోట్ దివ్వార్‌లోని బావులే ప్రజల నమ్మకం ప్రకారం ప్రతి మనిషికీ పరలోకంలో ఒక జీవిత భాగస్వామి ఉంటారు. ఆ భాగస్వామి అలిగితే ఇక్కడ పెళ్ళి నిలబడదు, పిల్లలు పుట్టరు. అందుకని వాళ్ళ బొమ్మను చెక్కించి ఇంట్లో పెట్టుకుని పూజిస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ బొమ్మలకు హెల్మెట్ టోపీ, నిక్కరు, చేతి గడియారం వచ్చాయి. ఆడ బొమ్మలకు గౌన్లు వచ్చాయి. పరలోకపు మొగుడు గుమాస్తాలా, టీచరులా, చదువుకున్నవాడిలా ఉండాలన్న కోరిక అది. కొనేవాళ్ళు వీటిని కొలోన్ బొమ్మలన్నారు (ఫ్రెంచిలో కొలోన్ అంటే వలస వచ్చిన తెల్లవాడు), వలస దొరమీద వేసిన జోకులుగా చెప్పుకున్నారు. గిరాకీ చూసి చెక్కేవాళ్ళు అలాంటివే గంపలకొద్దీ తయారుచేసి అంగళ్ళలో పెట్టారు. భార్యగా, భర్తగా తలచి మొక్కిన బొమ్మను తమను చూసి నవ్విన బొమ్మగా చదువుకోవడంలో యూరోపియన్ స్వార్థం ఉంది. ఆఫ్రికా మనిషి ఏం చెక్కినా అది తమ గురించే అనుకునే అలవాటు అది.

ఈ అలవాటుకు పూర్వం నుంచే ఒక మంచి మినహాయింపు ఉంది. జర్మనీలోని కొలోన్ నగర మానవశాస్త్ర మ్యూజియం అధిపతి యూలియస్ లిప్స్ ప్రపంచమంతటా తెల్లవాణ్ణి ఇతరులు ఎలా బొమ్మ గీశారో సేకరించడం మొదలుపెట్టాడు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే అతని ఉద్యోగం పోయింది, మరుసటి ఏడు అమెరికాకు వెళ్ళిపోయాడు. 1937లో ఆ సేకరణ పుస్తకంగా వచ్చింది. తెల్లజాతి గొప్పదనాన్ని ప్రభుత్వ సిద్ధాంతంగా చేసుకున్నవాళ్ళకు, ఆ జాతిని మిగతా లోకం ఎలా చూసిందో చూపే బొమ్మలు సహించరానివి కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మ్యూజియాల సంగతి. గ్రియోల్ బృందం 1931 నుంచి 1933 వరకు తిరిగి 3,500కు పైగా వస్తువులను పారిస్‌కు చేర్చింది. కొన్ని కొన్నారు, కొన్ని దబాయించి తీసుకున్నారు, కొన్ని ఎత్తుకొచ్చారు. మాలి పల్లెల్లో కోనో అనే పూజావస్తువులను ఊరివాళ్ళ భయాన్ని ఆసరా చేసుకుని ఎలా లాక్కున్నారో బృందం కార్యదర్శి మిషెల్ లెయిరిస్ తన దినచర్యలో ఉన్నదున్నట్టు రాశాడు. అది 1934లో అచ్చయింది, గ్రియోల్‌తో అతని స్నేహం చెడింది. ఈ వస్తువులు ఎవరివి, తిరిగి ఇవ్వాలా అనే చర్చ ఇప్పుడు గట్టిగానే జరుగుతోంది, జరగాలి. దానితోపాటు మరో నష్టం ఉంది, దాన్ని ఎవరూ తిరిగివ్వలేరు. వేషంలో ముఖం ఒక్కటే పెట్టెలో పట్టింది. చొక్కా, కాగితం చీటీ, అడిగిన ప్రశ్న, నడిచిన నడక బయటే ఉండిపోయాయి. తెల్లవాణ్ణి వెక్కిరించే మాస్కు అని రాసి పక్కన శతాబ్దం పేరు పెడితే, నవ్విన ఊరు, నవ్వడానికి వచ్చిన సందర్భం రెండూ కనిపించవు. ఏ చావుకు ఆడారు, దాని ముందు వెనక ఏ వేషాలు వచ్చాయి, ఏం పాడారు, జనంలో ఎవరి దగ్గరికి వెళ్ళి నిలబడింది అనే నాలుగు సంగతులు కనీసం రాయగలగాలి. క్లాపర్టన్ పరిశోధకుడు కాకపోయినా అలాంటి వాటిలో కొన్నయినా రాశాడు. అందుకే ఆ వేషం కొయ్యముఖం దొరక్కపోయినా ఈరోజుకీ కళ్ళకు కడుతుంది.

మలావిలో ఈ దిశగా జరిగిన పని చూడదగ్గది. 1902లో ముఆ అనే చోట మిషన్ పెట్టిన కాథలిక్ సంస్థే, గూలే వాంకులును సైతాను ఆట అన్న సంస్థే, 1960ల్లో రెండో వాటికన్ సభ, అంటే కాథలిక్ చర్చి తన పద్ధతులను సంస్కరించుకున్న మహాసభ, తర్వాత స్థానిక ఆచారాల పట్ల మెత్తబడింది. 1976లో అక్కడ కుంగోని అనే కళాకేంద్రం మొదలైంది. క్లోడ్ బుషే అనే ఫాదిరీ దశాబ్దాలపాటు న్యావు పెద్దల దగ్గర కూర్చుని వందలకొద్దీ వేషాల పేర్లు, పాటలు, అడుగులు, అవి చెప్పే నీతి నమోదు చేశాడు. మిషన్ ఆవరణలోని మ్యూజియంలో చేవా మాస్కులు గోడలనిండా ఉన్నాయి. ఎర్రమొహం సిమోని, మరియ, జోసెఫె కథలు ఆ నమోదులో ఉన్నాయి. ఏ వేషం ఏ తంతులో వస్తుంది, ఎలా ఆడుతుంది అన్న వివరంతో పాటు. తనను వెక్కిరించిన వేషాన్ని నిషేధించమని ఒకప్పుడు అర్జీ పెట్టిన చర్చికి చెందిన మనిషే, దాని నడకను తప్పు పోకుండా రాసిపెట్టాడు.